తేలని పంచాయితీ: కాగితం, తెర, మధ్యలో తెలుగు అక్షరం

2016 చివర్లో అమెజాన్ వారి ఈ-పుస్తక పరికరం కిండిల్‌లోకి అయిదు భారతీయ భాషలు వచ్చాయి. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. పట్టికలో తెలుగు లేదు. మూడేళ్లు తిరక్కముందే, 2019 ఆగస్టులో, అదే అమెజాన్ తన అతిపెద్ద భవనాన్ని ఎక్కడో కాదు, మన నానక్‌రామ్‌గూడలోనే తెరిచింది. తొమ్మిదిన్నర ఎకరాల స్థలం, పదిహేను వేల మంది కూర్చునే చోటు. కూర్చున్నవాళ్లలో తెలుగువాళ్లకు కొదవ లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగును మాతృభాషగా రాయించుకున్నవారు 8.11 కోట్లు. గుజరాతీ 5.55 కోట్లు, మలయాళం 3.48 కోట్లు. తలలు లెక్కపెట్టి ఆ పట్టిక తయారు చెయ్యలేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

కాగితం పుస్తకమా, ఎలక్ట్రానిక్ పరికరమా అన్న తగవు ఊరూరా ఉన్నదే. సైబరాబాద్‌లో దానికి మరో మెలిక పడింది. ఇక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చదివే అలవాటున్నవాళ్లు ఇంగ్లిష్ నవలను పరికరంలో చదువుతారు, తెలుగు నవలను కాగితం మీద చదువుతారు. ఎందుకని అడిగితే తెలుగు పుస్తకం చేతిలో పట్టుకుంటేనే తృప్తి అంటారు. అది నిజంగా అభిరుచేనా, వేరే దారి లేక అలవాటైపోయి అభిరుచి వేషం కట్టిందా? కొత్త పుస్తకం వాసన గురించీ, వెయ్యి పుస్తకాలు జేబులో వేసుకు తిరగడం గురించీ జరిగే వాదాల్లో ఈ ప్రశ్న ఎప్పుడూ వెనక వరసలోనే కూర్చుంటోంది. ఈ సమీక్షలో దానికి ముందు వరసలో కుర్చీ వేస్తున్నాం.

1998 అనే ఏడాది

యంత్రం మీద పుస్తకం చదవాలన్న ఆలోచన పాతదే. మైకేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లోకి ఎక్కించి గూటెన్‌బర్గ్ ప్రాజెక్టు మొదలుపెట్టింది 1971లో. అయితే మన కథకు మొదలు 1998. ఆ ఏడాది నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన భారతీయ అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టిందీ, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వెలసిందీ అదే ఏడాది. అమెరికాలో రాకెట్ ఈబుక్ అనే చదువు పరికరం అంగడికొచ్చింది. ప్రవాసాంధ్రులు ‘ఈమాట’ పేరుతో అంతర్జాల సాహిత్య పత్రికను మొదలుపెట్టారు. వీటిని ఒకదానితో ఒకటి ముడిపెట్టినవాళ్లు అప్పట్లో ఎవరూ లేరు. ఇవాళ వెనక్కి తిరిగి చూస్తే తగవులో పాత్రధారులందరూ ఒకే ఏడాది రంగం మీదికి వచ్చినట్టు కనిపిస్తుంది.

రాకెట్ ఈబుక్ నిలవలేదు. దాని తెర వెలుగుతుంది, బ్యాటరీ తింటుంది, కంటిని అలసటపెడుతుంది. అసలు మలుపు ఎలక్ట్రానిక్ సిరాతో వచ్చింది. ఎంఐటీ పరిశోధనల్లోంచి 1997లో పుట్టిన ఈ-ఇంక్ సంస్థ చేసిన పని ఇది: వెంట్రుక మందాన ఉండే సూక్ష్మ గుళికల్లో తెల్ల రేణువులు, నల్ల రేణువులు పోసి, విద్యుత్తుతో వాటిని పైకీ కిందికీ జరపడం. పేజీ మారేటప్పుడే కరెంటు కావాలి, నిలకడగా ఉన్నప్పుడు అక్కర్లేదు. తెర తనంతట వెలగదు, కాగితంలాగే మీద పడిన వెలుతురును తిప్పికొడుతుంది. 2004లో సోనీ లిబ్రియె, 2007 నవంబరులో కిండిల్ ఈ సిరాతోనే వచ్చాయి. కిండిల్ 2009లో భారత్ గడప తొక్కింది. రూపాయల్లో కొనుక్కునే కిండిల్ దుకాణం 2012లో తెరిచారు.

ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మన వాదాల్లో ఫోను, టాబ్లెట్, ఈ-ఇంక్ పరికరం మూడింటినీ ఒకే గాటన కట్టి ‘స్క్రీన్’ అనేస్తారు. కళ్లు మండుతున్నాయన్న ఫిర్యాదు ఫోను మీద, తిట్లు మాత్రం కిండిల్‌కు.

తెలుగులో ఈ-పుస్తకాల దుకాణం అనదగ్గ తొలి పెద్ద ప్రయత్నం 2010లో హైదరాబాద్ నుంచే మొదలైన కినిగె. కొనుక్కోవడమే కాక ముప్పై రోజులకు అద్దెకు తీసుకునే వీలు కూడా అందులో ఉండేది. డెబ్బైల్లో, ఎనబైల్లో సందు చివర అద్దె పుస్తకాల షాపులో రోజుకింతని కట్టి యద్దనపూడినీ యండమూరినీ తెచ్చుకున్న తరానికి ఇది బాగా తెలిసిన పద్ధతే. షాపు మాత్రం కంప్యూటర్‌లోకి మారింది.

ఒత్తు దగ్గర వచ్చిన చిక్కు

కినిగెలో పుస్తకం కొన్నవారికి సాధారణంగా దక్కింది పీడీఎఫ్. అచ్చు పుస్తకపు పేజీకి ఫొటోలాంటి ప్రతి అది. అడోబీ వారి సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవాలి. అక్షరాల సైజు పెంచితే పేజీ మొత్తం పెరుగుతుంది, వాక్యం తెర అంచు దాటిపోతుంది. ఇంగ్లిష్ ఈ-బుక్‌లో అక్షరం పెంచితే వాక్యాలు వాటంతటవే సర్దుకుంటాయి. ఈ తేడాకు మూలం చదివేవాళ్ల దగ్గర లేదు, అమ్మేవాళ్ల దగ్గరా లేదు. డీటీపీ ఆపరేటర్ కంప్యూటర్‌లో ఉంది.

అన్ని లిపులకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేత పద్ధతి యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దొరికింది. కానీ విజయవాడలో, హైదరాబాద్‌లో పుస్తకాలు కూర్చింది యూనికోడ్‌లో కాదు, అను ఫాంట్లలో. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు తెలియదు. అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గదుల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టి పని నడిపించాయి. తలకట్టు ఒక గదిలో, ఒత్తు ఇంకో గదిలో. కాగితం మీద అచ్చయితే ముత్యాల్లా ఉంటుంది. అదే ఫైలులోంచి ఒక పేరా తీసి ఇంకోచోట అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ విరామ చిహ్నాలూ కలగాపులగంగా పడతాయి. అంటే తెలుగు ప్రచురణ రంగం దశాబ్దాల తరబడి తయారుచేసింది తెలుగులా కనిపించే బొమ్మల్ని. కంప్యూటర్ దృష్టిలో అవి తెలుగు కావు. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు వచ్చాయి గానీ మార్చాక ఒక మనిషి కూర్చుని మళ్లీ ప్రూఫులు దిద్దాలి. ఆ దిద్దుబాటుకు డబ్బు పెట్టేదెవరు అన్నదగ్గర పని ఆగిపోతుంది.

పీడీఎఫ్‌ను ఆరంగుళాల ఈ-ఇంక్ తెర మీద పెడితే ఏమవుతుందో లెక్క కట్టవచ్చు. మన నవలలు ఎక్కువగా అచ్చయ్యే 1/8 డెమ్మీ పేజీ ఎత్తు సుమారు ఎనిమిదిన్నర అంగుళాలు. ఆరంగుళాల తెర ఎత్తు అయిదుకు కాస్త తక్కువ. పేజీ మొత్తం పట్టాలంటే సగానికి దగ్గరగా కుంచించుకుపోవాలి. అచ్చులో 12 పాయింట్ల అక్షరం తెర మీద ఏడు పాయింట్లకు దిగుతుంది. ఇంగ్లిష్ అయితే ఏడు పాయింట్లలో కూడా ఎలాగో లాగించవచ్చు. తెలుగు అక్షరం రెండంతస్తుల ఇల్లు. పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఒక్కోసారి ఇంకో ఒత్తు. ‘రాష్ట్రం’ అనే మాటను ఏడు పాయింట్లలో చదవడం కంటిపరీక్షే. తెలుగు పుస్తకం పరికరంలో బాగుండదనే అభిరుచికి పునాది చాలావరకు ఈ కూడికలు తీసివేతల్లోనే ఉంది.

పెద్ద సంస్థలకు తెలుగు అక్షరం ఎంత కొత్తో 2018 ఫిబ్రవరిలో లోకం చూసింది. ‘జ్ఞా’ అనే అక్షరాన్ని ఒక ప్రత్యేక క్రమంలో పంపితే ఐఫోన్లు కుప్పకూలాయి. మెసేజీల యాప్ తెరిస్తే మూసుకుపోయేది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. జ్ఞానానికి మొదటి అక్షరమే లక్ష రూపాయల ఫోనును పడగొట్టిందని మనవాళ్లు నవ్వుకున్నారు. నవ్వు సంగతి అలా ఉంచితే, జ, ఞ, దీర్ఘం కలిసి ఒక రూపం కావడం ఇంకా కొన్ని యంత్రాలకు పూర్తిగా అలవడలేదని అది చెప్పింది.

పాత పుస్తకాల కథ వేరు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ట్యూరింగ్ పురస్కార గ్రహీత రాజ్ రెడ్డి చొరవతో పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు మొదలైంది. బెంగళూరు ఐఐఎస్‌సీతోపాటు గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ దానికి ప్రధాన స్కానింగ్ కేంద్రం. 2007 నాటికి పది లక్షలు దాటాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేల తెలుగు పుస్తకాలు ఉచితంగా అందాయి. కాపీహక్కుల చిక్కులతో ఆ సైటు మూతపడింది. అప్పటికే చాలా స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరడంతో బతికిపోయాయి. అయితే వాటి పేర్లు ఇంగ్లిష్ లిపిలో ఎవరికి తోచిన స్పెల్లింగులో వాళ్లు రాసినవి. ‘వాఙ్మయ’ అన్న మాటకు ఎన్ని స్పెల్లింగులు ఉండవచ్చో ఊహించి ఒక్కోటీ వెతుక్కోవాలి. పుస్తకం ఉంది, దొరకదు. దొరికినా అది బొమ్మే. బొమ్మను అక్షరంగా మార్చే విద్య (ఓసీఆర్) మీద గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి 2001లోనే పరిశోధన పత్రం ఇచ్చారు. ట్రిపుల్ ఐటీలో పని ఇంకా సాగుతోంది. తెలుగు వికీసోర్సులో వాలంటీర్లు గూగుల్ ఓసీఆర్‌తో మార్చి పేజీ పేజీ దిద్దుతున్నారు. ఈ పనిలో చాలా భాగం నడిచింది హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో. అంగట్లోని పరికరానికీ దీనికీ మధ్య మాత్రం వంతెన పడలేదు.

యంత్రానికి అసలైన తెలుగు అక్షరం దొరికినచోట తెర సత్తా వేరు. ఆంధ్రభారతి వారి నిఘంటు శోధనే సాక్ష్యం. వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు కలిసి నిర్మించిన ఆ సైటులో ఒక మాట కొడితే శబ్దరత్నాకరం, బ్రౌణ్యం, సూర్యరాయాంధ్ర నిఘంటువు అర్థాలు వరసగా వస్తాయి. అచ్చులో సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎనిమిది సంపుటాలు. ఆ ఎనిమిదింటినీ దించి వెతకడమే సుఖమనే కాగితాభిమాని తారసపడరు.

మూడు పక్షాలు

చదివేటప్పుడు మెదడులో ఏం జరుగుతుందన్న దగ్గర పండితులు మూడు పక్షాలుగా చీలారు.

మొదటి పక్షం కాగితానిది. వీళ్ల చేతిలో బలమైన ఆధారం స్పెయిన్‌కు చెందిన డెల్గాడో బృందం 2018లో ప్రచురించిన సమీక్ష. 2000 నుంచి 2017 దాకా వచ్చిన 54 అధ్యయనాలను, సుమారు 1.71 లక్షల మంది పాఠకులను కలిపి చూశారు. కాగితం మీద చదివినవారికే అర్థం కావడంలో కొంత మొగ్గు కనిపించింది. కాలం గడిచేకొద్దీ ఆ తేడా తగ్గలేదు సరికదా, పెరిగింది. తెరల మధ్యనే పుట్టి పెరిగిన పిల్లలు తెరకు అలవాటుపడిపోతారన్న అంచనాకు ఇది ఎదురుదెబ్బ. నార్వేలో ఆన్ మాంగెన్ బృందం 2019లో యాభై మందికి ఒకే కథ ఇచ్చి, సగం మంది చేత పుస్తకంలో, సగం మంది చేత కిండిల్‌లో చదివించింది. కథ అర్థం కావడంలో పెద్ద తేడా లేదు. ఏ సంఘటన ఎప్పుడు జరిగిందో వరస చెప్పడంలో కాగితం వాళ్లు ముందున్నారు. ఎడమ చేతిలో చదివేసిన పేజీల మందం, కుడి చేతిలో మిగిలిన మందం మనసుకు ఒక కొలతలా పనిచేస్తాయని వాళ్ల వివరణ.

రెండో పక్షం అదే డెల్గాడో సమీక్షను తిరగేసి చూపిస్తుంది. కాగితానికి మొగ్గు కనిపించింది సమాచారం నిండిన పాఠాల్లో, అందులోనూ గడియారం పెట్టి చదివించినప్పుడు. కథలూ నవలల దగ్గర ఆ తేడా లేదు. అంటే రాత్రి పడుకునేముందు నవల చదివేవాళ్లు ఏది పట్టుకున్నా ఒకటే. పైగా అక్షరం పెద్దది చేసుకునే వీలు చత్వారం వచ్చినవాళ్లకు వరం. ఈ పక్షానికి మామూలుగా ఎదురయ్యే ప్రశ్న నిద్ర గురించి. 2015లో అమెరికాలో పన్నెండు మందిపై జరిగిన పరిశోధనలో, నిద్రకు ముందు నాలుగు గంటలు వెలిగే తెర మీద చదివినవారికి కాగితం చదివినవారికంటే పది నిమిషాలు ఆలస్యంగా నిద్ర పట్టింది. అందులో వాడింది ఐప్యాడ్, అదీ పూర్తి వెలుతురుతో. దాన్ని పట్టుకొచ్చి ఈ-ఇంక్ మీద నేరం మోపడం న్యాయం కాదు. శాస్త్రం పేరుతో వాట్సాప్‌లో తిరిగే హెచ్చరికల్లో ఈ తేడా ఎక్కడా కనపడదు.

మూడో పక్షం పోటీనే ఒప్పుకోదు. ఏది చదువుతున్నాం, ఎందుకు చదువుతున్నాం అన్నదాన్నిబట్టి పనిముట్టు ఎంచుకోవాలంటుంది. చదువు భవిష్యత్తు గురించిన 2019 నాటి స్టావంగర్ ప్రకటన మీద సంతకాలు చేసిన 130 మందికి పైగా పరిశోధకులది దాదాపు ఇదే ధోరణి. పిల్లల చదువులో మాత్రం తొందరపడి కాగితాన్ని తీసెయ్యొద్దన్నారు. స్వీడన్ ప్రభుత్వం 2023లో బడుల్లోకి అచ్చు పుస్తకాలను మళ్లీ తేవడానికి నిధులు కేటాయించింది.

ఈ మూడు పక్షాల ఆధారాలనూ మనకు అన్వయించుకునేముందు ఒక జాగ్రత్త అవసరం. అవి చాలావరకు రోమన్ లిపి చదివేవాళ్ల మీద, అక్షరం రెండుచోట్లా ఒకే స్పష్టతతో ఉన్నప్పుడు చేసినవి. సగానికి కుంచించిన పీడీఎఫ్‌లో తెలుగు చదివి అలసిపోయినవాళ్లకు తెర కీడు చేసిందని తీర్పు చెప్పలేం. కీడు కుంచించడంలో ఉంది. తెలుగులో ఈ పరీక్ష జరగాలంటే ముందు తెలుగు అక్షరం తెర మీద నిటారుగా నిలబడాలి.

జేబు లెక్క, కర్బనం లెక్క

2025 ఏప్రిల్‌లో భారత్‌లోకి వచ్చినప్పుడు కొత్త కిండిల్ పేపర్‌వైట్ ధర 16,999 రూపాయలు. తెలుగు నవల సగటున రెండు వందలనుకుంటే ఆ డబ్బుకు ఎనబై అయిదు నవలలు. నెలకొకటి చొప్పున ఏడేళ్ల చదువు. పరికరం కొన్నాక ఈ-పుస్తకాలు మళ్లీ విడిగా కొనాలి. ఇంగ్లిష్‌లో ఈ-బుక్ అచ్చు ప్రతికంటే బాగా చవకైనప్పుడు, విదేశీ ప్రచురణ వెయ్యి రూపాయలైనప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. తెలుగుకు తిరగబడదు. మన అచ్చు పుస్తకం ఎప్పుడూ చవకే. ఎమెస్కో ఇంటింటా గ్రంథాలయం కాలం నుంచి హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాకా చవక పుస్తకం తెలుగు ప్రచురణకు సిద్ధాంతంగానే నడిచింది.

పన్ను కూడా కాగితం వైపే ఉంది. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. ఈ-పుస్తకాల మీద 2017లో 18 శాతం వేశారు. మరుసటి ఏడాది, అచ్చు ప్రతి కూడా ఉన్న ఈ-పుస్తకాలకు దాన్ని 5 శాతానికి దించారు. అచ్చులో లేకుండా నేరుగా తెర మీదికి వచ్చే పుస్తకానికే ఎక్కువ బరువు పడేలా నిబంధన రాశారు. కొత్త రచయితలు చేసే ప్రయోగాలు సరిగ్గా ఆ కోవలోవే.

తెర వల్ల చెట్లు మిగులుతాయని చెప్పే మాటలో భావుకత పాలు ఎక్కువ. 2009లో క్లీన్‌టెక్ గ్రూప్ వేసిన అంచనా ప్రకారం ఒక కిండిల్ జీవితకాలంలో 168 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమవుతుంది, 22, 23 కొత్త పుస్తకాలకు బదులుగా వాడితే ఆ బాకీ తీరుతుంది. అది కొత్త పుస్తకాలు కొని అల్మరాలో పెట్టేసే సమాజపు లెక్క. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మూడో చేతికి, నాలుగో చేతికి మారే పుస్తకాన్ని అందులో ఏ వరసలో రాయాలి?

కొన్నది ఎవరిది?

2009 జులైలో అమెజాన్ కొందరు అమెరికా పాఠకుల కిండిళ్లలోంచి ఆర్వెల్ ‘1984’ను వాళ్లకు చెప్పకుండా తీసేసింది. అమ్మినవారికి హక్కులు లేవని తెలిసి చేసిన పని అది. తర్వాత అప్పటి అమెజాన్ అధిపతి బెజోస్ క్షమాపణ చెప్పాడు. నిఘా రాజ్యం గురించిన నవలే అలా మాయం కావడంతో ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికంటే పెద్ద ఉదాహరణకు అంత ప్రచారం రాలేదు. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-బుక్ దుకాణం మూసేసింది. పాఠకులకు డబ్బు వెనక్కి ఇచ్చింది, పుస్తకాలు మాత్రం పోయాయి. పేజీల అంచుల్లో రాసుకున్న గుర్తులు కూడా వాటితోపాటే. 2025 ఫిబ్రవరిలో అమెజాన్, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో పరికరంలోకి ఎక్కించుకునే దారి మూసింది. గచ్చిబౌలిలోనూ నానక్‌రామ్‌గూడలోనూ ఈ రెండు కంపెనీల్లో పనిచేసేవారిలో చాలామందికి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. బహుశా అందుకేనేమో, ఇష్టమైన పుస్తకాన్ని మాత్రం అచ్చులో కూడా కొనుక్కునే అలవాటు ఈ ఐటీ కారిడార్‌లో ఉంది.

అయితే కాగితం శాశ్వతమని అనుకోవడానికీ లేదు. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ పరిశోధన గ్రంథాలయం నీట మునిగింది. అబ్దుస్ సమద్ ఖాన్ జీవితమంతా సేకరించిన పుస్తకాలూ పత్రికలూ తడిసి ముద్దయ్యాయి. ఆరబెట్టి, బాగుచేసి, ఉన్నవాటికి ప్రతులు తియ్యడానికి ఏళ్లు పట్టింది. కాగితానికి చెదలూ నీళ్లూ శత్రువులైతే, తెరకు కంపెనీ తీర్మానాలు. చెదలు ఒక ఇంటి అల్మరానే తింటాయి. కంపెనీ తీర్మానం రాత్రికి రాత్రి అందరి అల్మరాలూ ఖాళీ చేస్తుంది.

మన దగ్గర మరో రకం సొంతం ఉంది: ‘పీడీఎఫ్ ఉందా?’ టెలిగ్రామ్, వాట్సాప్ గుంపుల్లో కొత్త నవల వచ్చిన వారానికే ఈ ప్రశ్న వినిపిస్తుంది. ఈ భయంతోనే కొందరు ప్రచురణకర్తలు ఈ-పుస్తకం ఊసెత్తరు. కానీ గుంపుల్లో తిరిగే ప్రతుల్లో చాలావి ఎవరో అచ్చు పుస్తకం మీద ఫోను పెట్టి స్కాన్ చేసినవే. ఈ-పుస్తకం వెయ్యకపోతే దొంగ ప్రతి రాదన్న లెక్క అక్కడే తప్పుతోంది. సరైన ధరకు, సరైన అక్షరంతో దొరకని చోటే దొంగ ప్రతికి గిరాకీ.

కోఠీ ఎంత దూరం?

రాయదుర్గంలో మెట్రో బ్లూలైన్ ఎక్కి, అమీర్‌పేటలో రెడ్‌లైన్‌కు మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠీ. పక్కనే 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. కాస్త అవతల కాచిగూడలో నవోదయ బుక్ హౌస్. తెలుగు పుస్తకం భూగోళం ఇప్పటికీ పాత నగరం అంచునే ఉంది. పడమటి హైదరాబాద్‌లో లక్షల మంది తెలుగువాళ్లు చేరినా తెలుగు పుస్తకాల అంగళ్లు వాళ్ల వెంట రాలేదు. ఏటా డిసెంబరులో ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనకు కారిడార్ జనం కార్లేసుకుని వచ్చి సంచులు నింపుకుని వెళ్తారు. ఏడాది సరుకు ఒక్కసారే.

తమాషా ఏమిటంటే, ఇంటర్నెట్ తెలుగు కాగితాన్ని చంపలేదు, బతికించింది. అన్వీక్షికి, ఛాయ వంటి కొత్త ప్రచురణ సంస్థలు ఫేస్‌బుక్‌లో ప్రకటించి, ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకుని, కొండాపూర్ అపార్టుమెంటు గుమ్మం దాకా అచ్చు పుస్తకం పంపుతున్నాయి. ఒకప్పుడు వెయ్యి కాపీలు వేసి మంచం కింద దాచుకున్న రచయితలు ఇప్పుడు మూడు వందలు వేసి, అయిపోతే మళ్లీ వేస్తున్నారు. పరికరం తయారుచేసే అమెజాన్ కంపెనీయే తెలుగు కాగితం పుస్తకానికి పెద్ద పోస్ట్‌మ్యాన్ అయింది.

మరో పక్క, చదవడమే మానేసి వినడం మొదలైంది. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద గంటసేపు స్టీరింగ్ పట్టుకునేవాళ్లకు కాగితమూ తెరా రెండూ దక్కవు, చెవి ఒక్కటే ఖాళీ. దాసుభాషితం వంటి తెలుగు శ్రవణ పుస్తకాల యాప్‌లు వాళ్లకోసం వచ్చినవే. వీటికి ఫాంటు గొడవ లేదు. ఒత్తు ఎన్ని అంతస్తులున్నా గొంతు పలుకుతుంది. తెలుగు ఈ-పుస్తకం దాటలేకపోయిన గడపను శ్రవణ పుస్తకం ఇలా పక్కదారిన దాటేసింది. హరికథా, బుర్రకథా విని పెరిగిన జాతికి ఇది ఇంటికి తిరిగి వచ్చినట్టే ఉండొచ్చు.

పక్కపక్కన పెడితే

నవల, కథ: అర్థం కావడంలో తేడా లేదు. తెలుగు అయితే అక్షరం వల్లా ధర వల్లా కాగితానిదే పైచేయి, ఇంగ్లిష్ అయితే పరికరానిది.

సాంకేతిక పుస్తకం: తెర. రెండేళ్లకోసారి వెర్షన్ మారే ప్రోగ్రామింగ్ భాష మీద ఎనిమిది వందల పేజీల పుస్తకం కొనడం దండగ. కోఠీ పాత పుస్తకాల గుట్టల్లో అలాంటివి బరువుకు దొరుకుతాయి.

పోటీ పరీక్షల చదువు, బడి పాఠాలు: గడియారంతో పరుగు కాబట్టి పరిశోధన మొగ్గు కాగితానికే.

నిఘంటువు, సూచిక: తెర, మారుమాట లేదు. అక్షరం నిజమైన తెలుగు అయితేనే.

1991లో ఆగిపోయిన ‘భారతి’ వంటి పత్రికల పాత సంచికలు: కాగితం దొరకదు, దొరికినా ముట్టుకుంటే పొడి అవుతుంది. స్కాన్ బొమ్మే గతి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగు పాఠకులకు ఈ లెక్కలన్నీ తారుమారు. పుస్తకం ధరకంటే దాన్ని పంపే తపాలా ఖర్చే ఎక్కువ. ఏ రూపంలో దొరికితే అదే పుస్తకం.

తేలనివి

కిండిల్ పట్టికలోంచి తెలుగు ఎందుకు జారిపోయిందన్నదానికి రెండు వాదాలున్నాయి. కొనేవాళ్లు లేరు కాబట్టి కంపెనీ పట్టించుకోలేదన్నది ఒకటి. అమ్మకానికి పెట్టడానికి యూనికోడ్ ఫైళ్లు లేవు కాబట్టి కొనేవాళ్లు కనిపించలేదన్నది రెండోది. విత్తు ముందా చెట్టు ముందా అనే ఈ తగవులో రెండో వాదం వైపే బలం ఎక్కువని ఈ సమీక్ష అభిప్రాయం. గూగుల్ ప్లే బుక్స్ తెలుగు పుస్తకాలకు తలుపు తెరిచే ఉంచింది. అయినా అక్కడికి కూడా మన ప్రచురణకర్తల జాబితాలు పూర్తిగా చేరలేదు. తప్పు ఒక్క కంపెనీది అనుకుంటే సుఖంగా ఉంటుంది గానీ నిజానికి దగ్గరగా ఉండదు.

గ్రంథాలయం ఎటు నిలబడాలన్నదీ తేలలేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున సెస్సు వసూలవుతుంది. హైటెక్ సిటీ అద్దాల మేడలూ ఆ సెస్సు కట్టాల్సినవే. ఆ డబ్బుతో మాదాపూర్‌లో అల్మరాలు కట్టాలా, తెలుగు ఈ-పుస్తకాలకు చందా కట్టి సభ్యుల ఫోన్లలోకి అరువివ్వాలా? వాదం ఇంకా సరిగ్గా మొదలవ్వనేలేదు.

ఇంకొకటి గడువుతో ముడిపడినది. మన చట్టంలో కాపీహక్కు రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్లు. విశ్వనాథ రచనలు 2037 జనవరి 1న, చలం 2040లో, కొడవటిగంటి కుటుంబరావు 2041లో, శ్రీశ్రీ 2044లో అందరి సొత్తవుతాయి. ఆ రోజున ఎవరైనా వాటిని ఉచితంగా ఏ పరికరంలోకైనా ఎక్కించవచ్చు. ఎక్కించడానికి ఏ ఫైలు మిగిలి ఉంటుందన్నదే ప్రశ్న. అను ఫాంట్లలో కూర్చిన మూల ప్రతులు ఇప్పుడు విజయవాడలోనో చిక్కడపల్లిలోనో పాత హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. వాటిని తెరవగల పేజ్‌మేకర్‌ను అడోబీ అమ్మడం మానేసి చాలా ఏళ్లయింది.